1,57,79,17,500 గుట్టు విప్పడం: పెద్ద పూర్ణసంఖ్యను చేత్తో పరిశీలించే సమగ్ర మార్గదర్శి

పది అంకెల సంఖ్య ఒకటి ఎదురైతే దాని గురించి ఏమేం తెలుసుకోవచ్చు? ఏ ప్రధాన సంఖ్యల గుణకారంతో తయారైంది, ఎన్ని భాజకాలున్నాయి, ఏడుతో భాగిస్తే ఎంత మిగులుతుంది, మరో పెద్ద సంఖ్యతో దానికి ఉమ్మడిగా ఏముంది? వీటన్నిటికీ కాగితం, పెన్ను చాలు. హైస్కూల్లో నేర్చుకున్న భాజనీయత సూత్రాలు, గ.సా.భా., శేషాల లెక్క తెలిస్తే సరిపోతుంది. కంప్యూటర్ క్షణంలో కారణాంకాలు చెప్పేస్తుంది, నిజమే. కానీ ఆ కారణాంకాల వల్ల ఆ సంఖ్యకు ఏ గుణం వచ్చిందో తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో విప్పి చూడాలి.

అందుకని ఊరికే తోచిన సంఖ్య కాకుండా, నిజంగా పనికోసం పుట్టిన సంఖ్యను తీసుకుందాం. 1,57,79,17,500 అనేది ఆర్యభటుని లెక్కలో ఒక మహాయుగంలో ఉండే రోజుల సంఖ్య. మహాయుగమంటే 43,20,000 సంవత్సరాలు.

సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది

క్రీ.శ. 499 నాటి గణనతో ముడిపడిన ఆర్యభటీయంలో ఈ సంఖ్య నేరుగా కనిపించదు. దాని మొదటి భాగమైన గీతికాపాదంలో రెండు సంఖ్యలు అక్షరాల్లో ఉంటాయి. యుగంలో సూర్యుడి భ్రమణాలు "ఖ్యుఘృ", భూమి తన చుట్టూ తాను తిరిగే భ్రమణాలు "ఙిశిబుణౢఖ్షృ".

ఆర్యభటుని పద్ధతిలో క నుంచి మ వరకు హల్లులకు 1 నుంచి 25 దాకా విలువలు. య 30, ర 40, అలా శ 70, ష 80. అచ్చు స్థానాన్ని చెబుతుంది: అ అంటే 1, ఇ అంటే 100, ఉ అంటే 10,000, ఋ అంటే పది లక్షలు, ఌ అంటే పది కోట్లు. ఇప్పుడు చదవండి. ఙి అంటే 5 వందలు. శి అంటే 70 వందలు, అంటే 7,000. బు అంటే 23 పదివేలు, 2,30,000. ణౢ అంటే 15 పదికోట్లు, 150 కోట్లు. ఖ్షృ అంటే (2 + 80) పదిలక్షలు, 8,20,00,000. అన్నీ కూడితే 1,58,22,37,500. అలాగే ఖ్యుఘృ అంటే 32 పదివేలు, 4 పదిలక్షలు కలిపి 43,20,000.

భూమి భ్రమణాల్లోంచి సూర్య భ్రమణాలు తీసేస్తే సూర్యోదయాల సంఖ్య వస్తుంది:

1,58,22,37,500 − 43,20,000 = 1,57,79,17,500

దీన్ని 43,20,000తో భాగిస్తే సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. మన సంఖ్య పుట్టుక ఇది. ఇక విప్పడం మొదలుపెడదాం.

మొదటి అడుగు: చివరి అంకెల నుంచి 2, 5 లాగేయడం

పెద్ద సంఖ్యను ఎప్పుడూ కుడి చివర నుంచి పట్టుకోవాలి. చివర రెండు సున్నాలు ఉన్నాయి కాబట్టి 100 బయటికి వస్తుంది: 100 × 1,57,79,175. మిగిలినదాని చివర 75 ఉంది కాబట్టి అది 25తో పోతుంది. 25తో భాగించడమంటే 4తో గుణించి రెండు సున్నాలు కొట్టేయడమే: 1,57,79,175 × 4 = 6,31,16,700, కాబట్టి భాగఫలం 6,31,167. ఇది బేసి, చివర 5 లేదు. 2, 5ల పని పూర్తయింది.

ఇంతవరకు: 2² × 5⁴ × 6,31,167.

రెండో అడుగు: అంకెల మొత్తం

6+3+1+1+6+7 = 24. ఇది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి 3 ఒక్కసారే ఉంది: 6,31,167 = 3 × 2,10,389. ఇక్కడికి పదంకెల సంఖ్య ఆరంకెలకు దిగింది.

2² × 3 × 5⁴ = 7,500 కాబట్టి మన సంఖ్య 7,500 × 2,10,389. ఈ రెండు ముక్కల్నీ గుర్తుపెట్టుకోండి. ముందుముందు కథంతా వీటి చుట్టూనే.

మూడో అడుగు: 7, 11, 13లకు ఒకే పరీక్ష

7 × 11 × 13 = 1001. అందుకని సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ పోతే వచ్చే ఫలితానికీ అసలు సంఖ్యకూ ఈ మూడింటితోనూ ఒకే శేషం వస్తుంది. ఒక జాగ్రత్త: మన కామాలు మొదట మూడు, తర్వాత రెండేసి అంకెలకు పడతాయి. ఈ పరీక్షకు మాత్రం కామాలు మర్చిపోయి మూడేసి అంకెలే తీసుకోవాలి.

210 | 389 → 389 − 210 = 179

179ని 7తో భాగిస్తే శేషం 4, 11తో 3, 13తో 10. మూడింటిలో ఏదీ కారణాంకం కాదు.

నాలుగో అడుగు: ఓపిక కావలసిన చోటు

ఇప్పుడు 2,10,389 మిగిలింది. ఎంతవరకు వెతకాలి? 458² = 2,09,764, 459² = 2,10,681. కాబట్టి 458 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోకపోతే ఇదే ప్రధాన సంఖ్య అవుతుంది. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 88. అన్నీ చూడాల్సి రావచ్చు, మధ్యలోనే దొరకవచ్చు. ముందే తెలిసే దారి లేదు.

పూర్తి భాగహారం ప్రతిసారీ చేయనక్కర్లేదు. చివరి అంకెను కత్తిరించే కిటుకు ఉంది. 19కి: చివరి అంకెను తీసేసి, దాని రెట్టింపును మిగిలినదానికి కలపాలి. 17కి: చివరి అంకెకు అయిదు రెట్లు తీసేయాలి. 59కి: ఆరు రెట్లు కలపాలి. 61కి: ఆరు రెట్లు తీసేయాలి. 61 విషయంలో ఎందుకో చూడండి. సంఖ్య 10క + చ అనుకుంటే, 10(క − 6చ) = (10క + చ) − 61చ. అంటే 61తో ఒకటి పోతే రెండోదీ పోతుంది. మిగతావాటికీ ఇదే తర్కం.

17తో: 21038 − 45 = 20993. మళ్లీ 2099 − 15 = 2084. మళ్లీ 208 − 20 = 188. 17 × 11 = 187, కాబట్టి పోదు.

19తో: 21038 + 18 = 21056, 2105 + 12 = 2117, 211 + 14 = 225. 19 × 11 = 209, ఇంకా 16 మిగిలింది. పోదు.

ఈ కిటుకుతో వచ్చే చివరి శేషం అసలు సంఖ్య శేషం కాదన్నది గుర్తుంచుకోవాలి. పోతుందా లేదా అన్నదే ఇది చెబుతుంది.

మధ్యలో ఉన్నవాటికి మామూలు భాగహారమే సులువు. అసలు శేషాలు ఇవి: 23తో 8, 29తో 23, 31తో 23, 37తో 7, 41తో 18, 43తో 33, 47తో 17, 53తో 32, 59తో 54.

61తో: 21038 − 54 = 20984. 2098 − 24 = 2074. 207 − 24 = 183. 183 = 61 × 3.

దొరికింది. 2,10,389 = 61 × 3,449.

మరి 3,449 ప్రధాన సంఖ్యేనా? కొత్తగా ఒక్క భాగహారం కూడా చేయనక్కర్లేదు. 59² = 3,481, అంటే 3,449కి కారణాంకం ఉంటే అందులో ఒకటి 59 కన్నా చిన్నది కావాలి. అలాంటిది 2,10,389నీ భాగించి ఉండాలి. ఆ చిన్నవాటినన్నిటినీ ఇప్పటికే చూసి కొట్టేశాం. కాబట్టి 3,449 ప్రధాన సంఖ్యే. వరుస తప్పకుండా చిన్న సంఖ్య నుంచి పైకి వెళ్లడంలో ఉన్న లాభం ఇదే. మధ్యలో ఒక్క ప్రధాన సంఖ్యను వదిలేసి ఉంటే ఈ మాట అనలేం.

1,57,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3,449

అయిదో అడుగు: సరిచూడడం

లెక్క పూర్తికాగానే 9తోనూ 11తోనూ శేషాలు సరిచూడాలి. అసలు సంఖ్య అంకెల మొత్తం 42, 9తో శేషం 6. 7,500కి శేషం 3, 2,10,389కి 5, వాటి లబ్ధం 15, శేషం 6. సరిపోయింది. 11కి కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడి తీసేస్తే అసలు సంఖ్య శేషం 5. 7,500 శేషం 9, 2,10,389 శేషం 3, లబ్ధం 27, శేషం 5. ఇదీ సరిపోయింది.

రెండూ ఎందుకంటే, పక్కపక్క అంకెలు తారుమారైతే 9 పరీక్ష పట్టుకోలేదు, అంకెల మొత్తం మారదు కదా. 11 పరీక్ష పట్టుకుంటుంది. పెద్ద సంఖ్యలు ఎత్తి రాసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

ఆరో అడుగు: కారణాంకాల నుంచి వెంటనే వచ్చేవి

భాజకాల సంఖ్య: ప్రతి ఘాతానికి ఒకటి కలిపి గుణించాలి. 3 × 2 × 5 × 2 × 2 = 120. వీటిలో బేసివి 40. వర్గ సంఖ్యలైన భాజకాలు ఆరే: 1, 4, 25, 100, 625, 2,500.

భాజకాల మొత్తం: (1+2+4)(1+3)(1+5+25+125+625)(1+61)(1+3,449) = 7 × 4 × 781 × 62 × 3,450 = 4,67,75,65,200. ఇది అసలు సంఖ్యకు రెట్టింపు కన్నా ఎక్కువ, దాదాపు మూడింతలు. 2, 3, 5 అన్నీ ఉన్న సంఖ్యలకు ఇది మామూలే.

ఆయిలర్ ఫై: 1 నుంచి ఈ సంఖ్య వరకు దీనితో ఏ ఉమ్మడి కారణాంకమూ లేనివి ఎన్ని? 2²కి 2, 3కి 2, 5⁴కి 500, 61కి 60, 3,449కి 3,448. అన్నిటి లబ్ధం 41,37,60,000. అంటే నాలుగింట ఒక వంతు కన్నా కాస్త ఎక్కువ.

ఏడో అడుగు: ఏడుతో శేషం, అంటే వారం

ఈ సంఖ్య రోజుల లెక్క కాబట్టి 7తో శేషానికి నేరుగా అర్థం ఉంది. మళ్లీ 1001 పరీక్షే: 1 | 577 | 917 | 500 → 500 − 917 + 577 − 1 = 159, 7తో శేషం 5. ఒక మహాయుగం ఏ వారాన మొదలైతే, తర్వాతిది వారంలో అయిదు రోజులు ముందుకు జరిగి మొదలవుతుంది. ఆర్యభటుని కల్పంలో 14 మన్వంతరాలు, ఒక్కోదానిలో 72 యుగాలు, మొత్తం 1,008 యుగాలు. 1,008 = 7 × 144 కాబట్టి కల్పం పూర్తి వారాలతో ముగుస్తుంది.

ఇక్కడొక చక్కని పరీక్ష చేయవచ్చు. ఆర్యభటుడు మహాయుగాన్ని నాలుగు సమాన పాదాలుగా తీసుకున్నాడు, ఒక్కోటి 10,80,000 ఏళ్లు. కృతయుగం పెద్దది, కలియుగం చిన్నది అనే 4:3:2:1 విభజన ఆయనది కాదు. మన సంఖ్యలో 2² ఉంది కాబట్టి పాదంలో రోజులు పూర్ణసంఖ్యే: 39,44,79,375. మూడేసి అంకెలతో: 375 − 479 + 394 = 290, 7తో శేషం 3. కలియుగానికి ముందు మూడు పాదాలు గడిచాయి, కాబట్టి జరుగుబాటు 9, అంటే 2. గీతికాపాదం ప్రకారం యుగం లంకలో (ఖగోళ లెక్కల కోసం భూమధ్యరేఖ మీద ఊహించిన చోటు) బుధవారం సూర్యోదయాన మొదలైంది. బుధవారానికి రెండు కలిపితే శుక్రవారం. కలియుగాది శుక్రవారమనే సంప్రదాయానికి, క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 అనే తేదీకి, ఇది అతికినట్టు సరిపోతుంది. సంకల్పంలో "కలియుగే ప్రథమపాదే" అని చెప్పుకునే ఆ కలియుగపు మొదటి రోజు వారం ఒక చిన్న శేషంతో తేలింది.

ఎనిమిదో అడుగు: యూక్లిడ్ పద్ధతితో గ.సా.భా.

ఇప్పుడు దీన్ని 43,20,000 పక్కన పెడదాం. కారణాంకాలు తెలుసు కాబట్టి గ.సా.భా. చూస్తేనే తెలుస్తుంది. 43,20,000 = 2⁸ × 3³ × 5⁴. ఉమ్మడిగా ఉన్నది 2² × 3 × 5⁴ = 7,500. అయినా యూక్లిడ్ పద్ధతిలో చేయమని గట్టిగా చెబుతాను. దారిలో వచ్చే భాగఫలాలు గ.సా.భా. కన్నా విలువైనవి.

1577917500 = 365 × 4320000 + 1117500
4320000 = 3 × 1117500 + 967500
1117500 = 1 × 967500 + 150000
967500 = 6 × 150000 + 67500
150000 = 2 × 67500 + 15000
67500 = 4 × 15000 + 7500
15000 = 2 × 7500

7,500తో రెండింటినీ కుదిస్తే 2,10,389, 576. కుట్టకంలో, అంటే శేషం నుంచి అసలు సంఖ్యను కనుక్కునే పాత పద్ధతిలో, ఇలా ఇక కుదించలేని జంటను దృఢ సంఖ్యలంటారు. 576 సంవత్సరాలకు సరిగ్గా 2,10,389 రోజులు. ఒక సంవత్సరం 365 రోజులు, పైన 149/576 రోజు.

భాగఫలాలు 365, 3, 1, 6, 2, 4, 2. వీటితో కొత్త భిన్నాలు అల్లవచ్చు: ప్రతి కొత్త లవం = భాగఫలం × ముందున్న లవం + దానికి ముందున్న లవం. హారానికీ అంతే. వరుసగా వచ్చేవి:

365/1, 1096/3, 1461/4, 9862/27, 21185/58, 94602/259, 210389/576

మూడోది చూశారా? 1,461 రోజులకు 4 ఏళ్లు. నాలుగేళ్లకోసారి ఒక రోజు కలిపే లీపు సంవత్సరం ఈ సంఖ్యలోనే దాగి ఉంది. చిన్న హారంతో సంవత్సరాన్ని వీలైనంత దగ్గరగా చెప్పే భిన్నాలివన్నీ.

తొమ్మిదో అడుగు: కుట్టకం

చివరి రెండు భిన్నాల్ని అడ్డంగా గుణించండి:

576 × 94,602 = 5,44,90,752
2,10,389 × 259 = 5,44,90,751

తేడా సరిగ్గా ఒకటి. ఇది యాదృచ్ఛికం కాదు, పక్కపక్కనున్న భిన్నాలన్నిటికీ ఇంతే. అంటే 576ని 94,602తో గుణించి 2,10,389తో భాగిస్తే శేషం 1. ఈ ఒక్క వాక్యంతో కుట్టక సమస్య మొత్తం తేలిపోతుంది. ఆర్యభటీయం గణితపాదంలో చివరి రెండు శ్లోకాలు దీనికే. క్రీ.శ. 629లో దానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు ఇలాంటి లెక్కల్ని విస్తారంగా వివరించాడు.

సమస్య ఇది. యుగాది నుంచి కొన్ని రోజులు గడిచాయి, అదే అహర్గణం. ఆ రోజుల్ని 576తో గుణించి 2,10,389తో భాగిస్తే భాగఫలం సూర్యుడు పూర్తిచేసిన సంవత్సరాలు, శేషం ఇప్పుడున్న చోటు. శేషం 100 అని మాత్రమే తెలిస్తే ఎన్ని రోజులు గడిచినట్టు?

శేషం 1కి జవాబు 94,602. శేషం 100కి 94,602 × 100 = 94,60,200. దీనిలోంచి 2,10,389 × 44 = 92,57,116 తీసేస్తే 2,03,084. అదే జవాబు. సరిచూద్దాం: 2,03,084 × 576 = 11,69,76,384. 2,10,389 × 556 = 11,69,76,284. తేడా 100. అంటే 556 సంవత్సరాలు నిండాయి, సూర్యుడు మేషాది నుంచి సుమారు 10 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) దాటాడు. దీనికి 2,10,389 ఎన్నిసార్లు కలిపినా అదీ జవాబే.

ఇది పనిచేయడానికి ఒకటే షరతు: 576కీ 2,10,389కీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 576 = 2⁶ × 3², మరొకటి 61 × 3,449. ఏ చిక్కూ లేదు.

ఇదే పని సూర్యసిద్ధాంతం సంఖ్యతో చేసి చూస్తే ఆర్యభటుని సంఖ్య ఎంత చేతికి అందేదో తెలుస్తుంది. మన పూర్వపద్ధతి పంచాంగాలకు మూలమైన సూర్యసిద్ధాంతంలో మహాయుగానికి 1,57,79,17,828 రోజులు. తేడా 328 రోజులే. కానీ 4తో భాగిస్తే 39,44,79,457. అది బేసి, అంకెల మొత్తం 52, చివర 7. 2, 3, 5 ఏవీ మిగల్లేదు. కాబట్టి 43,20,000తో గ.సా.భా. 4 మాత్రమే. దృఢ సంఖ్యలు 39,44,79,457, 10,80,000. కుట్టకమంతా తొమ్మిదంకెలతో చేయాలి. సంవత్సరం పొడవులో తేడా ఏడు సెకన్ల లోపే, చేతి శ్రమలో తేడా మాత్రం చాలా పెద్దది.

పదో అడుగు: రెండు వర్గాల మొత్తం

ఒక సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా అన్నది కూడా కారణాంకాలే చెబుతాయి. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసి ఘాతంలో ఉంటే కుదరదు. మన సంఖ్యలో 3 ఒక్కసారి ఉంది, కాబట్టి కుదరదు. కానీ 2,10,389కి ఆ అడ్డు లేదు. 61, 3,449 రెండూ 4తో శేషం 1 ఇస్తాయి.

61 = 5² + 6². 3,449కి వర్గాల్ని తీసేస్తూ వెతికితే 43² + 40² = 1,849 + 1,600 దొరుకుతుంది. ఇలాంటి రెండింటి లబ్ధాన్ని మళ్లీ రెండు వర్గాలుగా రాసే సూత్రం క్రీ.శ. 628 నాటి బ్రహ్మగుప్తుని పేరు మీదే ఉంది. రెండు విధాలుగా వాడవచ్చు:

(5×43 − 6×40)² + (5×40 + 6×43)² = 25² + 458²
(5×43 + 6×40)² + (5×40 − 6×43)² = 455² + 58²

625 + 2,09,764 = 2,10,389. 2,07,025 + 3,364 = 2,10,389. రెండూ సరే. ప్రధాన సంఖ్యకు ఇలా రెండు రకాలుగా రావడం అసాధ్యం. కాబట్టి 61 దొరక్క ముందే ఈ రెండు రూపాలు ఎవరైనా చూపించి ఉంటే, 2,10,389 ప్రధాన సంఖ్య కాదని అక్కడికక్కడే తేలిపోయేది.

పదకొండో అడుగు: 61 పని ఏమిటి

2, 3, 5 అన్నీ సూర్యుడితో కొట్టుకుపోయాయి. 61 మాత్రం ఏదో శేషంలా మిగిలింది అనిపిస్తుంది. చంద్రుణ్ని తీసుకురండి. ఆర్యభటుని లెక్కలో మహాయుగంలో చంద్ర భ్రమణాలు 5,77,53,336.

అంకెల మొత్తం 39, 3తో పోతుంది. చివర 36, 4తో పోతుంది. 12తో భాగిస్తే 48,12,778. ఇప్పుడు 61 కిటుకు: 481277 − 48 = 481229. 48122 − 54 = 48068. 4806 − 48 = 4758. 475 − 48 = 427. 427 = 61 × 7. పోయింది! 48,12,778 = 61 × 78,898. 3,449తో పోదు, 78,898కి శేషం 3,020.

కాబట్టి రోజులకూ చంద్రుడికీ గ.సా.భా. 12 × 61 = 732. చంద్రుడి దృఢ సంఖ్యలు 78,898 భ్రమణాలు, 21,55,625 రోజులు. 61 లేకపోతే చంద్రుడి కుట్టకం పదమూడు కోట్ల పైబడిన హారంతో చేయాల్సి వచ్చేది.

ఇక చివరి ప్రశ్న. యుగారంభంలో సూర్యచంద్రులిద్దరూ మేషాదిన కలిసి ఉన్నారు. మళ్లీ సూర్యోదయ సమయానికి ఇద్దరూ పూర్తి భ్రమణాలతో అక్కడికి ఎప్పుడొస్తారు? సూర్యుడు 2,10,389 రోజులకోసారి, చంద్రుడు 21,55,625 రోజులకోసారి. వీటి క.సా.గు. కావాలి. మొదటిది 61 × 3,449, రెండోది 5⁴ × 3,449. క.సా.గు. 5⁴ × 61 × 3,449 = 13,14,93,125 రోజులు. ఇది మన సంఖ్యలో సరిగ్గా పన్నెండో వంతు, అంటే 3,60,000 సంవత్సరాలు. యుగపాదం 10,80,000 ఏళ్లు, దానికి మూడింతలు. అందుకే ప్రతి యుగపాదం మొదట్లోనూ, కలియుగం మొదలైన ఆ శుక్రవారం సూర్యోదయాన కూడా, ఈ లెక్కలో సూర్యచంద్రులిద్దరికీ శేషం సున్నా.